పాత త్రీ-వే స్పీకర్ల క్రాస్ఓవర్ బాగుచేయడం: కుడి ఎడమలు కలవడం లేదు (ఫోరమ్ చర్చ, ప్రతి పోస్టు పైన రాసినవారి పేరు)

మూడుదారులు

1970ల నాటి సీల్డ్ బాక్స్ (గాలి చొరబడకుండా మూసిన పెట్టె) త్రీ-వే స్పీకర్ల జత, 8 ఓంలు. బేస్‌కు పదంగుళాల వూఫర్, మధ్య స్వరాలకు కోన్ మిడ్, పై స్వరాలకు డోమ్ ట్వీటర్. మోనో రికార్డింగ్ పెడితే గొంతు మధ్యలో నిలబడకుండా ఎడమకు జరుగుతోంది. బ్యాలెన్స్ తిప్పితే గొంతు మధ్యకొస్తుంది గానీ బేస్ కుడికి పోతోంది. ఆంప్లిఫయర్ దగ్గర వైర్లు అటూ ఇటూ మార్చినా తేడా అదే స్పీకర్‌లో ఉంటోంది, కాబట్టి ఆంప్ తప్పు కాదు. ధ్వనిని ఈ మూడింటికీ పంచే క్రాస్ఓవర్ బోర్డు ఒక్కోదాని మీద మూడు నాన్‌పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేని) ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉన్నాయి: 72, 24, 6.8 మైక్రోఫారడ్. నాలుగు కాయిళ్లు, రెండు తెల్ల సిమెంట్ రెసిస్టర్లు. ముందు పలక మీద మిడ్‌కీ ట్వీటర్‌కీ లెవెల్ కంట్రోళ్లు. అన్నీ పీకేసి ఖరీదైన ఫిల్మ్ (ప్లాస్టిక్ పొర) కెపాసిటర్లు వేసేయమని చాలాచోట్ల చదివాను. అలా చేసేయొచ్చా?

కొలతముందు

వేసేయొచ్చు, కానీ ఇప్పుడే కాదు. ఈ జతలో తప్పు కెపాసిటర్‌దేనని ఇంకా తేలలేదు. మిడ్ డ్రైవర్ కావచ్చు, లెవెల్ కంట్రోల్ కావచ్చు, వదులైన సోల్డర్ కావచ్చు.

ముందు రెండు బోర్డులకూ ఫొటోలు తీయండి. ఏ రంగు వైరు ఏ డ్రైవర్‌కు, దాని ఏ ట్యాగ్‌కు వెళ్తోందో కాగితం మీద రాసుకోండి. మిడ్‌కో ట్వీటర్‌కో ప్లస్ మైనస్‌లు తిరగేసి కనిపిస్తే పొరపాటనుకుని "సరిచేయకండి". సెకండ్ ఆర్డర్ ఫిల్టర్లలో (ఒక్కో దారిలో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఉన్నవి) ధ్వని ఒక డ్రైవర్ నుంచి ఇంకోదానికి మారే క్రాస్ఓవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర రెండు డ్రైవర్ల మధ్య 180 డిగ్రీల ఫేజ్ తేడా వస్తుంది, అందుకే చాలా డిజైన్లలో కావాలనే ఒకదాన్ని తిరగేస్తారు. దాన్ని మామూలుగా కలిపితే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దంలో లోతైన గుంట పడుతుంది. రెండు పెట్టెల్లో వైరింగ్ ఒకేలా ఉందా లేదా అన్నదే ఇక్కడ చూడాల్సింది.

తర్వాత రెండు పెట్టెల మిడ్ డ్రైవర్లను ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి వినండి. కుడి పెట్టెలో గొంతు మందకొడితనం డ్రైవర్‌తో పాటు అవతలి పెట్టెకు పోతే క్రాస్ఓవర్‌ను వదిలేయండి. కుడి పెట్టెలోనే ఉండిపోతే అప్పుడు బోర్డు చూద్దాం.

పాతట్వీటర్

దీనికి తోడు డ్రైవర్ల డీసీ నిరోధం కూడా కొలవండి, వైరు ఊడదీసి. 8 ఓంల డ్రైవర్ సాధారణంగా 5.5 నుంచి 7 ఓంల మధ్య చూపిస్తుంది. ఎంత చూపించినా రెండు ట్వీటర్లు ఒకదానితో ఒకటి దగ్గరగా ఉండాలి. ఒకటి 6.1, ఇంకొకటి 7.4 అంటే దాంట్లో ఎప్పుడో వేరే వాయిస్ కాయిల్ వేశారని అనుమానించాలి.

లెవెల్ కంట్రోళ్లను అటూ ఇటూ చివరిదాకా ఒక పాతికసార్లు తిప్పి మళ్లీ వినండి. ఆ కాలం స్పీకర్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇవే. తీగ చుట్టిన కంట్రోళ్లలో వైపర్ (తిప్పితే జారే కాంటాక్ట్) ఆనేచోట పచ్చటి చిలుము పడుతుంది. ఏఆర్-3ఏ లాంటి మోడళ్లలో మిడ్, ట్వీటర్ చచ్చిపోయాయనుకున్న సందర్భాల్లో అసలు దోషి ఈ కంట్రోలే అవుతుంటుంది. మీటర్‌ను వైపర్‌కూ ఒక చివరకూ పెట్టి నెమ్మదిగా తిప్పితే అంకె మెల్లగా పెరగాలి. మధ్యలో ఎగిరితే, తెగితే విప్పి శుభ్రం చేయాల్సిందే. కాంటాక్ట్ క్లీనర్ చల్లితే కొన్నాళ్లు పనిచేసి మళ్లీ మొండికేస్తుంది. రివెట్లు తీసి, వైపర్ బొడిపెనూ చుట్టు తీగనూ చాలా సన్నటి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిస్తే చాలా కాలం నిలుస్తుంది.

మూడుదారులు

మిడ్‌లు మార్చి చూశాను, మందకొడితనం కుడి పెట్టెలోనే ఉండిపోయింది. కంట్రోళ్లు రెండు పెట్టెల్లోనూ శుభ్రం చేశాను, కొంచెం మెరుగే గానీ తేడా పోలేదు. వూఫర్ల నిరోధం 6.2, 6.3. మిడ్‌లు 5.8, 5.8. ట్వీటర్లు 6.0, 6.1. ఇక కెపాసిటర్లను బోర్డు మీద ఉండగానే కొలవొచ్చా?

మైక్రోఫారడ్

వద్దు. ప్రతి కెపాసిటర్‌కూ ఒక కాలు లేపాలి. బోర్డు మీద ఉండగా దానికి సమాంతరంగా కాయిలో డ్రైవరో ఉంటుంది, మీటర్ ఆ మొత్తాన్నీ కలిపి ఏదో అంకె చెబుతుంది.

మామూలు మల్టీమీటర్‌లోని కెపాసిటీ రేంజ్‌ను ఈ పనికి నమ్మకండి. అది చార్జింగ్ సమయాన్ని బట్టి లెక్కకడుతుంది, కాబట్టి లీకేజీ ఉన్న పాత ఎలక్ట్రోలిటిక్‌కు లేని కెపాసిటీ చూపిస్తుంది. కాయిల్, కెపాసిటర్, నిరోధం మూడింటినీ ఏసీతో కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ కావాలి. కనీసం 100 లేదా 120 హెర్ట్జ్, 1 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్ ఉండాలి. కొలిచే ముందు క్లిప్పులు విడిగా ఉంచి ఒకసారి, కలిపి ఒకసారి జీరో చేయండి. లేకపోతే 0.1, 0.2 ఓంల క్లిప్ నిరోధం కూడా ఈఎస్ఆర్‌లో (కెపాసిటర్‌లో దాగిన సిరీస్ నిరోధం) కలిసిపోతుంది.

వూఫర్ దగ్గరున్న 72ను 100 హెర్ట్జ్ దగ్గర, 24ను 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 6.8ను 1, 10 కిలోహెర్ట్జ్ రెండింటి దగ్గరా కొలవండి. కెపాసిటీ ఒక్కటే కాదు, ఈఎస్ఆర్ కూడా రాయండి. ఈ జతలో జవాబు అక్కడే దొరుకుతుందని నా అంచనా.

కాయిల్‌చుట్టు

కాయిళ్లను మాత్రం బోర్డు నుంచి ఊడదీయకండి. ఒక కాలు లేపి హెన్రీ విలువ, డీసీ నిరోధం రెండూ కొలిస్తే చాలు. కాయిల్‌కు వయసుతో వచ్చే రోగాలు తక్కువ: చుట్లు షార్ట్ కావడం, ఫెర్రైట్ కోర్ పగలడం, లామినేషన్ల మధ్య గ్యాప్ కదలడం. కుడి ఎడమలు రెండు మూడు శాతం లోపల కలిస్తే వాటిని తాకొద్దు.

మందమైన తీగతో కొత్త కాయిల్ వేస్తే "మెరుగవుతుంది" అన్న మాట విని చాలామంది పాడుచేసుకుంటారు. వూఫర్‌కు సిరీస్‌లో ఉన్న పాత కాయిల్ నిరోధం 0.7 ఓం అనుకుందాం. 0.2 ఓం ఉన్నది వేస్తే వూఫర్ సుమారు అర డీబీ (డెసిబెల్) పెరుగుతుంది, బేస్ డ్యాంపింగ్ మారుతుంది. డిజైన్ చేసినవారు ఆ 0.7ను లెక్కలోకి తీసుకునే పెట్టె కొలత నిర్ణయించారు. అలాగే ఐరన్ కోర్ కాయిల్ (మధ్యలో ఇనుము ఉన్నది) తీసి ఎయిర్ కోర్ (మధ్యలో ఖాళీ ఉన్నది) వేస్తే అదే హెన్రీకి తీగ పొడవు పెరుగుతుంది, నిరోధం కూడా పెరుగుతుంది.

కాయిల్ స్థానం కూడా ముఖ్యమే. రెండు ఎయిర్ కోర్ కాయిళ్ల అక్షాలు ఒకే దిశలో, పక్కపక్కన ఉంటే ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదాన్ని తాకుతుంది, వూఫర్ సిగ్నల్ ట్వీటర్ దారిలోకి ఎక్కుతుంది. అందుకే పాత బోర్డుల మీద ఒకటి పడుకుని, ఒకటి నిలబడి ఉంటుంది. ఎయిర్ కోర్ మధ్యలోంచి ఇనుప స్క్రూ బిగిస్తే విలువ పెరుగుతుంది. ఇత్తడి స్క్రూ లేదా నైలాన్ టై వాడండి.

మూడుదారులు

ఇవిగో కొలతలు.

ఎడమ: 72 స్థానంలో 78, ఈఎస్ఆర్ 0.5. 24 స్థానంలో 25.6, ఈఎస్ఆర్ 0.4. 6.8 స్థానంలో 7.1, ఈఎస్ఆర్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.7, 10 దగ్గర 0.5.

కుడి: 72 స్థానంలో 80, ఈఎస్ఆర్ 0.6. 24 స్థానంలో 31, ఈఎస్ఆర్ 2.6. 6.8 స్థానంలో 7.4, ఈఎస్ఆర్ 1 దగ్గర 1.3, 10 దగ్గర 1.0.

కాయిళ్లు నాలుగూ రెండు శాతం లోపల కలిశాయి.

మైక్రోఫారడ్

కుడి పెట్టెలోని 24 దగ్గర దొరికిపోయింది. లెక్క చూడండి. 8 ఓంల డ్రైవర్‌కు సిరీస్‌లో 2.6 ఓంలు అంటే మిడ్ దాదాపు 2.4 డీబీ తగ్గుతుంది. గొంతు ఎడమకు జరగడానికి అది చాలు. అదనంగా కెపాసిటీ 24 నుంచి 31కి పెరిగింది. ఫస్ట్ ఆర్డర్ (కెపాసిటర్ ఒక్కటే ఉందనుకునే) లెక్కలో 24 మైక్రోఫారడ్, 8 ఓంలకు కట్ (మిడ్ పని మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) 829 హెర్ట్జ్, 31కైతే 642 హెర్ట్జ్. మీ సర్క్యూట్‌లో కాయిల్ కూడా ఉంది కాబట్టి అంకెలు అచ్చంగా ఇవే ఉండవు, దిశ మాత్రం ఇదే. మిడ్ మొత్తంగా తగ్గి, తన పరిధి కంటే కిందికి దిగి వూఫర్‌తో కలిసిపోతోంది. బేస్ కుడికి బరువుగా అనిపించడానికి కారణం అదే.

ఈ కెపాసిటర్ ఒక్కటి మారిస్తే జత చాలావరకు కలుస్తుంది. కానీ మిగతావీ అదే వయసువి, అదే దారిలో ఉన్నాయి. ఆరూ మార్చండి.

నాలుగోఓం

మారుస్తున్నప్పుడు ఎలాగూ ఫిల్మే వేసుకోవచ్చు కదా? ఫిల్మ్‌లో వాడే పాలీప్రొపిలీన్‌కు వయసు రాదు, విలువ మారదు, డిస్టార్షన్ తక్కువ. ఎలక్ట్రోలిటిక్ మళ్లీ కొన్నేళ్లకు మార్చాల్సిందే. నా ఓటు ఫిల్మ్‌కే.

కొలతముందు

ట్వీటర్‌కూ మిడ్‌కూ ఫిల్మ్ వేయడాన్ని కాదనను. కానీ అది ఒట్టి మార్పిడి కాదు, సర్క్యూట్‌లోంచి ఒక రెసిస్టర్‌ను తీసేయడం లాంటి పని. 6.8 మైక్రోఫారడ్ రియాక్టెన్స్ (ఏసీకి చూపే అడ్డు) 1 కిలోహెర్ట్జ్ దగ్గర 23.4 ఓంలు. మంచి స్థితిలోని నాన్‌పోలార్‌కు లాస్ ఫ్యాక్టర్ (రియాక్టెన్స్‌లో ఈఎస్ఆర్ ఎంత శాతమో) 2.5 శాతం అనుకుంటే ఈఎస్ఆర్ 0.58 ఓం. పాలీప్రొపిలీన్‌లో అది ఒక ఓంలో కొన్ని వందోవంతులే. అర ఓం తీసేస్తే 8 ఓంల ట్వీటర్ 0.5 డీబీ పెరుగుతుంది. వినడానికి చిన్న అంకె. కానీ ఒక్క బిందువు దగ్గర కాదు, ట్వీటర్ పనిచేసే పరిధి అంతా అంతే పెరుగుతుంది. "ఫిల్మ్ వేశాక వివరం ఎక్కువ వినిపిస్తోంది" అనే వాళ్లలో చాలామంది వింటున్నది ఈ అర డీబీనే.

కాబట్టి ఫిల్మ్ వేస్తే దానికి సిరీస్‌లో ఒక చిన్న రెసిస్టర్ పెట్టండి. ఎంత అన్నది ట్వీటర్ పనిచేసే చోట, అంటే 10 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచిన ఈఎస్ఆర్‌ను బట్టి నిర్ణయించాలి. ఎలక్ట్రోలిటిక్‌లో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఈఎస్ఆర్ తగ్గుతుంది. ఎడమ పెట్టెది ఇంకా ఆరోగ్యంగా ఉంది, అది 0.5 చూపించింది, కాబట్టి 0.47 ఓం, 5 వాట్లు సరిపోతుంది. మిడ్‌కు కూడా ఎడమదే ప్రమాణం: 0.4 చూపించింది కాబట్టి 0.39.

72 దగ్గర మాత్రం నాన్‌పోలార్ ఎలక్ట్రోలిటిక్‌నే వేయమంటాను. అది వూఫర్‌కు సమాంతరంగా, గ్రౌండ్‌కు దిగే దారిలో ఉంది. అక్కడ ఈఎస్ఆర్ మరీ తగ్గితే కాయిల్‌తో కలిసి ఏర్పడే రెజొనెన్స్ పదునెక్కుతుంది, కట్ దగ్గర చిన్న మిట్ట లేస్తుంది, స్పీకర్ ఇంపిడెన్స్ (ఏసీకి చూపే మొత్తం నిరోధం) కనిష్ఠం ఇంకా కిందికి పోతుంది. పైగా 72 మైక్రోఫారడ్ ఫిల్మ్ అంటే బోర్డు మీద పట్టనంత డబ్బా.

నాలుగోఓం

రెసిస్టర్ మాట ఒప్పుకుంటున్నాను. కానీ 72 అనే విలువ ఇప్పుడు దొరకదుగా?

మైక్రోఫారడ్

సమాంతరంగా కలిపితే విలువలు కూడుతాయి. 68కి 3.9 కలిపితే 71.9. 24కు 22, 2.2 కలిపితే 24.2. పది కొని కొలిచి, కుడి ఎడమలకు సరిపడే రెండు రెండు ఏరుకోండి. డబ్బా మీద ±5 శాతం అని ఉంటే 68ల్లో ఒకటి 64.6, ఇంకొకటి 71.4 రావచ్చు, రెండూ నియమం లోపలే. జతకు అది సరిపోదు. లక్ష్యం: కుడి ఎడమల మధ్య తేడా 1 శాతం లోపల, ముద్రించిన విలువ నుంచి తేడా 3 శాతం లోపల. రెండింట్లో మొదటిదే ముఖ్యం. రెండు పెట్టెలూ ఒకే వైపు 2 శాతం తప్పితే ఎవరికీ వినపడదు. ఒకటి పైకి, ఒకటి కిందికి తప్పితే స్టీరియో చిత్రం మసకబారుతుంది.

వోల్టేజీ 50 చాలు, 100 అయితే ఇంకా నిశ్చింత. ఎలక్ట్రోలిటిక్ మీద "నాన్‌పోలార్" లేదా "బైపోలార్" అని స్పష్టంగా ఉండాలి. మామూలు పోలార్‌వి రెండు మైనస్‌లు కలిపి సగం విలువ చేయొచ్చు, అంటే రెండు 100ల నుంచి ఒక 50. అది తాత్కాలిక మార్గమే.

పెద్ద కెపాసిటర్‌కు 0.1 మైక్రోఫారడ్ బైపాస్ తగిలించమనే సలహా వింటే వదిలేయండి. 24 పక్కన 0.1 అంటే 0.4 శాతం మార్పు, ఏరికూర్చిన జత తేడాలో కలిసిపోతుంది.

పాతట్వీటర్

సోల్డరింగ్ గురించి ఎవరూ రాయలేదు. పాత పేపర్-ఫినాలిక్ బోర్డుల రాగి గీతలు వేడికి తేలిగ్గా లేస్తాయి. ఐరన్ 350 డిగ్రీలు, వెడల్పు మొన, రెండు మూడు సెకన్లకు మించి ఆనించకండి. పాత సోల్డర్ కరగకపోతే వేడి పెంచకండి, కొంచెం కొత్త సోల్డర్ కలపండి, వెంటనే జారుతుంది. తర్వాత సక్కర్‌తో లాగేయండి. కాయిల్ తీగ మీది ఎనామిల్‌ను కత్తితో గీకి, రాగి మెరిశాకే సోల్డర్ పట్టించాలి. పాత కాయిళ్ల దగ్గర జాయింట్ బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఎనామిల్ మీదే నిలబడి ఉంటుంది. వేలితో కదిపితే ట్వీటర్ శబ్దం వచ్చి పోతుంటే అదే.

కొత్త కెపాసిటర్లు పెద్దవి కాబట్టి బోర్డుకు అంటించాలి. బాత్రూమ్ సిలికాన్ వద్దు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు అసెటిక్ ఆమ్లం వదులుతుంది, రాగి పచ్చబడుతుంది. న్యూట్రల్ క్యూర్ సిలికాన్ లేదా నైలాన్ టై వాడండి. సిమెంట్ రెసిస్టర్లను బోర్డు నుంచి 5 మిల్లీమీటర్లు ఎత్తి పెట్టండి, కింద బోర్డు మాడదు.

ఒక జాగ్రత్త. చాలా పాత క్రాస్ఓవర్లలో నూనె నింపిన రేకు డబ్బా కెపాసిటర్లు ఉంటే, వాటిలో పాలీక్లోరినేటెడ్ బైఫినైల్ నూనె ఉండొచ్చు. అమెరికాలో 1979లో దాని తయారీ నిషేధించారు. కారుతున్న డబ్బాను చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకండి, చెత్తలో వేయకండి.

సన్నతీగ

ఈ జతకు సంబంధం లేకపోయినా ఒక మాట. అన్ని పాత స్పీకర్లకూ ఒకే మందు పనికిరాదు. జేబీఎల్ ఎల్100 తొలి రకంలో కాయిళ్లే లేవు. మిడ్‌కు 8, ట్వీటర్‌కు 3 మైక్రోఫారడ్, రెండు ఎల్-ప్యాడ్లు (లెవెల్ తగ్గించే ఒక రకం కంట్రోళ్లు), వూఫర్ నేరుగా ఆంప్‌కు. అక్కడ పని అరగంటలో అయిపోతుంది. బీబీసీ రూపొందించిన ఎల్ఎస్3/5ఏ స్పీకర్ అందుకు పూర్తిగా వేరు. దాని ఎఫ్ఎల్6/23 క్రాస్ఓవర్ బోర్డు మీద ట్వీటర్ లెవెల్ సరిచేయడానికి ట్యాపులు (చుట్టు మధ్యలోంచి తీసిన కనెక్షన్లు) ఉన్న ఆటోట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ప్రతి పెట్టెలోని కెఫ్ టీ27 ట్వీటర్‌ను బట్టి ఫ్యాక్టరీలో ట్యాప్ ఎంచుకునేవారు. రెండు పెట్టెల్లో ట్యాపులు వేరువేరుగా కనిపిస్తే అవి కలవలేదని కాదు, కలపడానికే అలా పెట్టారు. అలాంటి బోర్డులను ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మార్చకూడదు. బోర్డు, ట్వీటర్, పెట్టె మూడింటి మీదా కుడి ఎడమ గుర్తు పెట్టుకున్నాకే విప్పాలి.

మూడుదారులు

ఎల్-ప్యాడ్ మాట వచ్చింది కాబట్టి: నా లెవెల్ కంట్రోళ్లు తీసేసి స్థిరమైన రెసిస్టర్లు పెట్టుకోవచ్చా? ట్వీటర్ ఎప్పుడూ ఒకేచోట ఉంచుతాను.

కొలతముందు

పెట్టుకోవచ్చు, నమ్మకంగా ఉంటుంది. ముందు ఆ కంట్రోల్ ఏ రకమో చూడండి. ఎల్-ప్యాడ్ అయితే లోపల రెండు ట్రాక్‌లుంటాయి, ఎక్కడ తిప్పినా క్రాస్ఓవర్‌కు దాదాపు 8 ఓంలే కనిపిస్తాయి. ఒకే ట్రాక్ ఉంటే అది మామూలు పొటెన్షియోమీటర్. దాని మొత్తం నిరోధం ఎప్పుడూ సర్క్యూట్‌కు సమాంతరంగా ఉంటుంది, డిజైన్ దాన్ని లెక్కలో వేసుకుంది. ఏఆర్-3ఏలో 16 ఓంల కంట్రోల్ అలాంటిదే. దాన్ని పీకేసి వైర్లు నేరుగా కలిపితే ఫిల్టర్ లోడ్ మారి కట్ జరుగుతుంది.

ఎల్-ప్యాడ్ అయితే లెక్క సులభం. 8 ఓంల డ్రైవర్‌ను 3 డీబీ తగ్గించాలంటే సిరీస్‌లో 2.34, సమాంతరంగా 19.4 ఓంలు. మార్కెట్ విలువల్లో 2.2, 20. రెండూ 10 వాట్లవి. పొటెన్షియోమీటర్ అయితే మీకు నచ్చిన చోట ఆపి, వైపర్ నుంచి రెండు చివరలకూ ఎంతెంత ఉందో కొలిచి, అవే రెండు రెసిస్టర్లు అదే వరుసలో పెట్టండి. పది ఓంల లోపు విలువలు కొలిచేటప్పుడు ప్రోబ్ నిరోధం తీసివేయడం మర్చిపోవద్దు.

కాయిల్‌చుట్టు

పని అయ్యాక చెవితో తేల్చకండి. ఇంపిడెన్స్ గీత (ఫ్రీక్వెన్సీని బట్టి ఇంపిడెన్స్ ఎలా మారుతోందో చూపే గ్రాఫ్) తీయండి. సౌండ్ కార్డ్, హెడ్‌ఫోన్ అవుట్, 100 ఓంల రిఫరెన్స్ రెసిస్టర్, ఉచితంగా దొరికే కొలత సాఫ్ట్‌వేర్ చాలు. ఓపెన్, షార్ట్, తెలిసిన రెసిస్టర్‌తో క్యాలిబ్రేట్ చేసి రెండు పెట్టెల గీతలు ఒకదాని మీద ఒకటి వేయండి.

గీతలు 400 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య విడిపోతే మిడ్ ఫిల్టర్ చూడాలి. కింద బేస్ శిఖరం ఒక పెట్టెలో పొట్టిగా, వెడల్పుగా ఉంటే క్రాస్ఓవర్ కాదు, పెట్టె లీకవుతోంది. వూఫర్ గాస్కెట్, టెర్మినల్ పలక, కంట్రోళ్ల రంధ్రాలు చూడండి. పైన ట్వీటర్ రెజొనెన్స్ మిట్ట ఒకదాంట్లో వేరే చోట ఉంటే, ఫెర్రోఫ్లూయిడ్ (వాయిస్ కాయిల్ చుట్టూ ఉండే అయస్కాంత ద్రవం) ఉన్న ట్వీటర్లలో అది గట్టిపడి ఉండొచ్చు. కెపాసిటర్ ఎంత మంచిదైనా ఆ ట్వీటర్ శబ్దం పెరగదు.

ఆంప్‌తో డ్రైవర్ చివర వోల్టేజీ కొలవాలనుకుంటే అది బ్రిడ్జ్ ఆంప్ కాకూడదు. రెండు అవుట్‌పుట్ వైర్లూ సజీవంగా ఉండే ఆంప్‌కు సౌండ్ కార్డ్ గ్రౌండ్ కలిపితే ఆంప్, కార్డ్ రెండూ పోవచ్చు.

మూడుదారులు

ఆరూ మార్చాను. 72 చోట నాన్‌పోలార్ 68కి 3.9 కలిపి, రెండు వైపులా 71.6, 71.9. మిడ్‌కు ఫిల్మ్ 24.2, 24.1, సిరీస్‌లో 0.39. ట్వీటర్‌కు ఫిల్మ్ 6.79, 6.81, సిరీస్‌లో 0.47. ఇంపిడెన్స్ గీతలు 200 హెర్ట్జ్ నుంచి పైకి ఒకటే గీతలా పడ్డాయి. మోనోలో గొంతు మధ్యలో నిలిచింది. కానీ కింద 55 హెర్ట్జ్ శిఖరం కుడిలో 38 ఓంలు, ఎడమలో 29 మాత్రమే.

కాయిల్‌చుట్టు

క్రాస్ఓవర్ పని పూర్తయినట్టే. ఎడమ పెట్టెలో లీకు ఉంది. కంట్రోళ్లు శుభ్రం చేయడానికి విప్పారు కదా, ముందు వాటి షాఫ్ట్ రంధ్రాల చుట్టూ వేలు పెట్టి, వూఫర్ కోన్‌ను మెల్లగా నొక్కి చూడండి. గాలి తగిలితే అదే. అక్కడ లేకపోతే వూఫర్ గాస్కెట్. గట్టిపడిన పాత నురుగు పట్టీ గీకేసి, మూసిన కణాల నురుగు టేపు 3 మిల్లీమీటర్లది వేసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. మళ్లీ గీత తీసి ఇక్కడ పెట్టండి.